నాగార్జునకొండ దండయాత్ర

ప్రబంధం మొదలుపెట్టేవాడు ముందుగా ఇష్టదేవతను కొలవాలి. మా ప్రబంధానికి ఇష్టదేవత లాంచీ ఇంజను. విజయపురి సౌత్ రేవులో, మేం కూర్చున్న చెక్కబల్లల కింద కొలువుతీరి, నల్లని ధూమకేశాలు విరబోసుకుని, డుబడుబడుబ అని బీజాక్షరాలు జపిస్తూ, డీజిలు పరిమళాన్ని అష్టదిక్కులకూ పంచిపెట్టే ఆ మహాశక్తి మమ్ము బ్రోచుగాక! నట్టనడి నీళ్ళలో ఆగకుండుగాక!

తరవాత కుకవినింద. నాగార్జునకొండ మ్యూజియం గుమ్మం దాకా వచ్చి, “ఏముందండీ లోపల, రాళ్ళేగా” అని చెట్టుకింద దుప్పటి పరిచి పేకముక్కలు పంచే మహానుభావులున్నారే, వాళ్ళే మాకు కుకవులు. వాళ్ళను గట్టిగా తిట్టాలని ఉంది గానీ, ఆ చెట్టునీడ నిజంగానే చల్లగా ఉంటుంది. కాబట్టి ఈ ఒక్క వాక్యంతో సరిపెడుతున్నాను.

ఇక పాత్రలు. నాయకుడు మా చిన్నోడు. ఏడేళ్ళ ప్రాయం, ముందుపళ్ళు రెండు రాలిపోవడం వల్ల నవ్వితే శత్రువులకు మరీ భయంకరుడు. నాయిక వాడి అక్క. ఏ యుద్ధానికైనా నోట్‌బుక్కు, చెక్కిన పెన్సిలు లేకుండా కదలదు. సేనాధిపత్యం మా ఆవిడది, రాజగురు పీఠం మా అత్తగారిది. నేను ఆస్థానకవిని, అంటే సంచులు మోసేవాణ్ణి.

ప్రబంధానికి పద్దెనిమిది వర్ణనలు ఉండాలంటారు. మా దగ్గర చంద్రోదయం లేదు, చీకటి పడేలోపే లాంచీ తిరిగొచ్చేస్తుంది. వివాహం లేదు, అది ఎప్పుడో అయిపోయింది కాబట్టే ఈ సంతానం. విరహం మాత్రం పుష్కలంగా ఉంది. ఇంట్లో వదిలేసి వచ్చిన ట్యాబ్ కోసం మా నాయకుడు మాచర్ల దాకా పడ్డ విరహాన్ని వర్ణించాలంటే ఒక ఆశ్వాసం కావాలి.

ఆయుధవర్ణన చేస్తాను. అర్జునుడికి గాండీవం, బలరాముడికి నాగలి, మా చిన్నోడికి నీళ్ళసీసా. నీలమేఘశ్యామం. దాని మూత మీద ఒకనాడు ఏదో కార్టూను వీరుడి బొమ్మ ఉండేది. బడి బల్లల మీద, బస్సు కడ్డీల మీద జరిగిన సమరాల్లో ఆ వీరుడి మొహం అరిగిపోయి ఇప్పుడు ఒక చెవీ ఒక బూటూ మిగిలాయి. (మ్యూజియంలో కొందరు రాజుల కన్నా అది మెరుగైన స్థితే.) మెడలో వేసుకుంటే వైజయంతీమాల, తిప్పితే సుదర్శనం, అక్క నెత్తిన దించితే గద. మీట నొక్కగానే టప్పుమని తెరుచుకునే ఆ మూత చప్పుడు దేవదత్త శంఖధ్వానం. విన్న ప్రతివాడికీ తక్షణం దాహం వేస్తుంది. దివ్యాయుధాలన్నిటిలాగే దీనికీ ఒక శాపం ఉంది. అవసరమైనప్పుడు ఖాళీగా ఉంటుంది, సంచిలో పడుకోబెట్టినప్పుడు కారుతుంది.

దీనికి తోడు మా అత్తగారి స్టీలు క్యారేజీ, మూడంతస్తుల గోపురం. పై గిన్నెలో జంతికలు, నడిమి దాంట్లో పెరుగన్నం, అడుగున ఆవపెట్టిన పులిహోర. ఆవిడ లెక్కలో మనిషి ఊరు దాటితే అది వనవాసమే, సీతారాములు చేసిన పొరపాటు మనం చేయకూడదు.

సెలవుల్లో పిల్లలను మ్యూజియానికి తీసుకెళ్ళడం తల్లిదండ్రుల కుట్ర అని పిల్లలకు ముందే తెలుసు. అందుకే మేం నాగార్జునకొండను ఎంచుకున్నాం. అక్కడి మ్యూజియం ద్వీపం మీద ఉంది, పోవాలంటే లాంచీ ఎక్కాలి. చేదుమందుకు తేనె కలిపినట్టు, మూడో శతాబ్దపు, నాలుగో శతాబ్దపు రాళ్ళకు లాంచీ ప్రయాణం కలిపి తాగించవచ్చని మా వ్యూహం. అయితే లాంచీ కదలాలంటే ముహూర్తం చాలదు, జనం కావాలి. బల్లలు నిండేదాకా ఇంజను దేవత ధ్యానంలోనే ఉంటుంది. ఆ మధ్యకాలంలో జంతికల గిన్నె మీద తొలి దాడి జరిగి, పై అంతస్తు కూలింది.

సముద్రవర్ణన లేని ప్రబంధం ఉండదు, మాకు నాగార్జునసాగరమే ఉంది. దసరా రోజుల్లో నిండుగా, గాలికి చిన్నచిన్న మడతలు పడుతూ, కొండల అంచులను తడుపుతూ పరుచుకుని ఉంటుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు, 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. 26 గేట్ల ఆ రాతిగోడ వెనక నిలిచిన నీళ్ళ కింద ఒక రాజధాని మునిగి ఉంది. దాని పేరు విజయపురి. శాతవాహనుల తరవాత, మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు ఏలిన నగరం. లాంచీ దాని మీదుగానే పోతుంది.

“నాన్నా, కింద ఊరుందా?”

“ఉంది.”

“మరి వాళ్ళ ఇళ్ళల్లో ఇప్పుడు ఎవరుంటారు? చేపలా?”

“ఉండొచ్చు.”

“అద్దె ఎవరికి కడతాయి?”

నాయిక తల ఎత్తకుండా నోట్‌బుక్కులో రాసుకుంది: విజయపురి, ప్రస్తుత నివాసులు చేపలు. చరిత్రలో ఇంతకన్నా తప్పుడు వాక్యాలు చాలా చదివాను.

ద్వీపం దగ్గరపడ్డాక కొండ నీళ్ళలోంచి లేచి వచ్చినట్టు కనిపిస్తుంది. నిజానికి కొండ ఎక్కడికీ రాలేదు, నీళ్ళే దాని నడుము దాకా ఎక్కాయి. రేవులో దిగి, చెట్ల మధ్య బాటపట్టి, టికెట్టు కిటికీ చేరాం. ఇక్కడ మొదటి సంక్షోభం. పదిహేనేళ్ళలోపు పిల్లలకు టికెట్టు లేదు. ఈ వార్త వినగానే లోకంలో ఏ తండ్రి అయినా సంతోషిస్తాడు, మా నాయిక ముఖం మాత్రం అస్తమయ సూర్యబింబమైంది. “అంటే నేను లెక్కలోకి రానా? నోట్‌బుక్కులో ఏం అంటించుకోవాలి?” అని ధర్మసందేహం లేవనెత్తింది. మా ఆవిడ నా వైపు చూసింది. కర్ణుడు కవచకుండలాలు ఒలిచి ఇచ్చినట్టు నా టికెట్టు ఒలిచి ఇచ్చాను. ఆ అరచేతి వెడల్పు కాగితం ఆ నోట్‌బుక్కులో జిగురుతో పట్టాభిషిక్తమై ఇప్పటికీ రాజ్యమేలుతోంది.

లోపలికి అడుగుపెట్టగానే ఎండ వెనకబడి, సున్నపురాతి చల్లదనం ముఖానికి తగులుతుంది. ఆదిమానవుల రాతిగొడ్డళ్ళు ముందు వరసలో ఉన్నాయి. మా నాయకుడు వాటిని యుద్ధకోవిదుడిలా పరిశీలించి, ఒకటి మామిడికాయ పగలగొట్టడానికి పనికొస్తుందనీ, రెండోది అక్కడక్కడా అరిగిందనీ తీర్పు చెప్పి ముందుకు సాగాడు. పెద్దలు చాలామంది ఈ వరస దగ్గర అంతసేపు కూడా ఆగరు.

అద్దాల పెట్టె దగ్గర అసలు యుద్ధం. పూసలు, చెవి కుండలాలు, సీసపు నాణేలు, అన్నీ చిన్నవి. చిన్నవాటిని చూడాలంటే దగ్గరికి పోవాలి. దగ్గరికి పోతే అద్దానికి ముక్కు తగులుతుంది. ముక్కు తగిలితే ఊపిరికి అద్దం మసకబారుతుంది. మసకబారితే పక్కవాళ్ళకు కనిపించదు. కురుక్షేత్రానికి కూడా ఇంతకన్నా బలమైన కారణం లేదు. “జరుగు” అంది నాయిక. “నువ్వే జరుగు” అన్నాడు నాయకుడు. మోచేయి అస్త్రం, ఉపసంహారం, మడమ అస్త్రం, “అమ్మా చూడు” అనే బ్రహ్మాస్త్రం వరసగా ప్రయోగమయ్యాయి. సేనాధిపతి ఒక్క చూపుతో రెండు పక్షాలనూ శాంతింపజేసింది. యుద్ధం ముగిశాక రణరంగంలో మిగిలింది అద్దం మీద రెండు గుండ్రటి ముక్కుల ముద్రలు, వాటి మధ్య ఇక్ష్వాకు రాజుల సీసపు నాణెం.

ఆ ఉద్రిక్తతతో మా అత్తగారికి సంబంధం లేదు. ఆవిడ కుండలాల మీదికి వంగి, కళ్ళజోడు సవరించుకుని, “అల్లుడుగారూ, తులం ఉంటాయంటారా?” అని అడిగారు. చెప్పలేకపోయాను. ఈ లోయలో రోము బంగారు నాణేలు కూడా దొరికాయని మాత్రం చెప్పాను. “రోములో అప్పుడు తులం ఎంతుండేదో” అని ఆవిడ నిట్టూర్చారు. పదిహేడు వందల ఏళ్ళ కింద చెవులకు వీటిని పెట్టుకున్న ఆవిడను, ఈ పెట్టె ముందు నిలబడ్డ ఆవిడను ఎదురెదురుగా కూర్చోబెడితే, మాటలకు కొదవ ఉండేది కాదు.

తరవాత ఒక స్తంభం మీద సైనికుడు. పొడుగు చేతుల చొక్కా, కాళ్ళకు లాగు, తలకు టోపీ, చేతిలో బల్లెం. చుట్టూ ఉన్న రాతి మనుషులంతా నగలు తప్ప పైబట్ట ఎరగనివాళ్ళు. “ఇంత ఎండలో ఈ అంకుల్ స్వెటరెందుకేసుకున్నాడు?” అన్నాడు మా నాయకుడు. ఎంతోమంది పండితులు వేసుకున్న ప్రశ్న అదే. ఆ వేషం శకులది, చలిదేశాల నుంచి వచ్చినవాళ్ళది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి రాణుల్లో ఒకావిడ రుద్రధర భట్టారిక ఉజ్జయిని మహారాజు కూతురని ఇక్కడి శాసనం చెబుతోంది. ఉజ్జయినిని ఏలినవాళ్ళు శకులు. కోడలి వెంట పుట్టింటివాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి ఇక్కడ కొలువు కుదురుకున్నారేమోనని నా ఊహ. “ఉజ్జయిని నించి పల్నాడుకా! పిల్లనిచ్చేముందు కనీసం ఊరు చూసిపోయారా?” అన్నారు అత్తగారు.

శిబి చక్రవర్తి శిల్పం దగ్గర రాజగురువు విశ్వరూపం చూపారు. కథ ఆవిడకు తెలుసు. పావురం కోసం తొడ కోసి త్రాసులో వేసిన రాజు. ఆవిడ కంఠం ఎత్తి చెప్పడం మొదలుపెట్టగానే ఎవరో పరాయివాళ్ళ పిల్లలు కూడా వచ్చి చేరారు. ఎంత కండ వేసినా పావురం వైపే త్రాసు మొగ్గుతోందన్న చోట మా నాయిక పెన్సిలు ఆపింది. “పావురం అర కిలో కూడా ఉండదు కదా అమ్మమ్మా, త్రాసు పాడైందేమో చూసుకోవాలి కదా?” పరాయి పిల్లలు కూడా అవునన్నట్టు తలలూపారు. తూనికలు కొలతల శాఖ లేని కాలంలో ధర్మం ఎంత కష్టమో ఆవిడ వివరిస్తుండగా నేను ముందు గదిలోకి తప్పుకున్నాను.

అక్కడే ఈ ప్రబంధానికి ప్రాణమైన ఘట్టం జరిగింది.

నందుడి శిల్పం. బుద్ధుడికి తమ్ముడు, పెళ్ళయీ కాకుండానే సన్యాసంలో పడి, భార్యను మరవలేక అలమటిస్తున్నవాడు. అన్న అతణ్ణి దేవలోకానికి తీసుకుపోయి అప్సరసలను చూపిస్తాడు. నేను తల ఎత్తి బుద్ధుణ్ణి, దేవతలను, కిరీటాలను చూస్తూ, శిల్పి చెక్కిన గాలిని, వేగాన్ని మెచ్చుకుంటూ, ఇంట్లో పుస్తకంలో చదివిన నాలుగు ముక్కలు నెమరువేసుకుంటున్నాను. ఇంతలో నడుము కింద ఎక్కణ్ణించో పళ్ళసందుల్లోంచి గాలి దూరే గొంతు: “నాన్నా, కోతి!”

“శిల్పంలో కోతేమిట్రా, సరిగా చూడు.”

“నువ్వే సరిగా చూడు. అదుగో!”

వంగాను. ఉంది. చిన్నది, ముడుచుకుని, ఎవరూ తనను పట్టించుకోకపోయినా తన పని తాను చేసుకుంటూ కూర్చుంది. కథకు తాళంచెవి అదే. స్వర్గానికి పోయే దారిలో బుద్ధుడు తమ్ముడికి మంటల్లో కమిలిన ఒక ఆడకోతిని చూపిస్తాడు. తరవాత అప్సరసలను చూపించి, నీ భార్య అందమా వీళ్ళందమా అని అడుగుతాడు. వీళ్ళ ముందు నా భార్య ఆ కోతిలా ఉందంటాడు నందుడు. ఆ మాట అన్నవాడు ఇక ఇల్లు చేరడం కష్టమని వేరే చెప్పక్కర్లేదు. కథంతా నేను పిల్లలకు చెబుతుంటే సేనాధిపతి పక్కనే నిలబడి వింటోంది. “చెప్పండి, ఆపారేం?” అంది. ఆస్థానకవి ఆ సమయాన మౌనం పాటించాడు.

మా నాయకుడి పరాక్రమాన్ని ఇప్పుడు వర్ణించాలి. కొలంబసు అమెరికాను చూసినప్పుడు అది అక్కడే ఉంది, ఎవరో ఒకరు అప్పటికే అందులో కాపురం ఉన్నారు. ఈ కోతి కూడా అక్కడే ఉంది. కానీ మా వాడి ఛాతీ ఉప్పొంగిన తీరు చూస్తే, దాన్ని రాతిలోంచి తనే పిలిచి కూర్చోబెట్టినట్టుంది. దారిన పోయే ప్రతివాళ్ళకూ, “అంకుల్, కోతిని చూశారా?” అని దానం చేయడం మొదలుపెట్టాడు. చూడనివాళ్ళే ఎక్కువ. ఒక పెద్దాయన వెనక్కి వచ్చి, మోకాళ్ళు పట్టుకుని వంగి చూసి, “అవున్రోయ్!” అన్నాడు. ఆ మాట మా వాడికి కనకాభిషేకం.

అప్పటి నుంచి నేను మ్యూజియాన్ని నడుము ఎత్తు నుంచి చూడటం మొదలుపెట్టాను. ఆ లోకం వేరు. పైన రాజులు, రాణులు, దేవతలు, జాతకకథల మలుపులు. కింద పొట్ట ముందుకొచ్చిన మరుగుజ్జు యక్షులు, పీఠాల అంచుల్లో సింహాలు, ఎవరిదో కాలికింద నలుగుతున్న పూలదండ. అమరావతి శిల్పుల వారసులు పలనాటి సున్నపురాతి మీద ఈ కింది అంచులను ఏ ఖాళీ నింపడానికో చెక్కలేదు, కళ్ళు అక్కడిదాకానే అందేవాళ్ళ కోసం చెక్కారని నా గట్టి నమ్మకం. పేరుపలకలు రాసేవాళ్ళు మాత్రం మన కళ్ళ ఎత్తున రాస్తారు. అందుకే మనం పలక చదివి, శిల్పం వైపు ఒకసారి చూసి, హాజరు వేయించుకున్నట్టు ముందుకు పోతాం.

శాసనం రాయి దగ్గర నాయిక వంతు వచ్చింది. ఇక్ష్వాకుల కాలపు బ్రాహ్మీ అక్షరాలకు నిలువు గీతలు బారుగా, వయ్యారంగా సాగదీసి ఉంటాయి. “ప్రతి అక్షరానికీ తోక ఉంది, ఈ టీచరు ఎవరో గానీ చేతిరాతకు మార్కులు వేసేది” అంటూ అది పది అక్షరాలు యథాతథంగా దించుకుంది. మహాచైత్యానికి, అంటే ఇక్కడి పెద్ద స్తూపానికి, దానాలిచ్చింది రాజుగారి చెల్లెలు చాంతిసిరి అని చెప్పాను. అన్నగారు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేశాడు, ఇంటి ఆడవాళ్ళు బౌద్ధానికి స్తూపాలు కట్టించారు. బోధిసిరి అనే ఉపాసిక అయితే రాజకుటుంబం కూడా కాదు, ఒక గృహస్థురాలు, ఆవిడ దానాల చిట్టా ఒక శాసనానికి సరిపోయింది. “మరి రాజుగారు ఏమనలేదా?” అంది మా ఆవిడ. యాగశాలకు నెయ్యి లెక్కలు చూసుకోవడంలో ఆయనకు తీరిక ఉండి ఉండదు.

లోయ నమూనా దగ్గర మాత్రం అందరం ఆగిపోయాం. మునగకముందు ఈ లోయ ఎలా ఉండేదో చూపించే నమూనా. 1926లో శాసనశాఖలో పనిచేసే ఏ.ఆర్. సరస్వతి ఈ శిథిలాల సంగతి బయటపెట్టారు. 1927 నుంచి 1931 దాకా పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించారు. డ్యాము కడతారని తేలాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వారు. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు, కోట, మెట్ల వరసలున్న రంగస్థలం, యాగవేదికలు బయటపడ్డాయి. వెనక నుంచి నీళ్ళు వస్తున్నాయి, ముందు మట్టిలో నగరం ఉంది. ఇటుక ఇటుకా, రాయి రాయీ విప్పి కొన్ని కట్టడాలను ఈ కొండ మీదికి, రంగస్థలం వంటివి ఒడ్డున అనుపు దగ్గరికి మార్చి మళ్ళీ కట్టారు. సముద్రం మీద వారధి కట్టిన కోతుల కథ మనకు ఉంది. వస్తున్న నీళ్ళకు ఎదురెళ్ళి నగరాన్ని మెట్లెక్కించిన కూలీల కథకు మాత్రం ఎవరూ ప్రబంధం రాయలేదు. ఇక్కడ వెక్కిరింపు కలం పక్కన పెట్టేస్తున్నాను, ఆ పనికి అతిశయోక్తి అక్కర్లేదు.

“అన్నీ తెచ్చారా?” అన్నాడు చిన్నోడు.

“లేదు. కొన్నే.”

“మిగతావి చేపలకు వదిలేశారా?”

బయట, కొండ మీదికి తెచ్చి కట్టిన కట్టడాల్లో అశ్వమేధ యాగస్థలి ఉంది. తాబేలు ఆకారపు తొట్టి, యాగం చివర చేసే అవభృథస్నానానికి కట్టిన మెట్లు. సార్వభౌముడు దిగి స్నానం చేసిన మెట్ల మీద మా సేన విశ్రమించింది. అడుగు గిన్నె విప్పారు. పులిహోర సువాసన ఇక్ష్వాకు సామ్రాజ్యమంతా వ్యాపించి, చెట్టుకింద పేకాట వాళ్ళను కూడా తల తిప్పేలా చేసింది. ఆవ ఘాటుకు నాయకుడి కళ్ళు చెమర్చాయి, దివ్యాయుధం కోసం చేయి చాచాడు. శాపం ఫలించింది. ఖాళీ. సంచీ అడుగున నోట్‌బుక్కు తడిసి ఉంది. తోకల అక్షరాలు కొన్ని అలుక్కుపోయాయి. నాయిక ఏడుపు మొదలుపెట్టబోయి, వాటిని తేరిపార చూసి, “అమ్మా, ఇప్పుడివి ఇంకా పాతవాటిలా ఉన్నాయి” అంది. రేవు నుంచి లాంచీ కూత వినబడింది. రాజగురువు క్యారేజీ బిగించారు, ఆస్థానకవి సంచులు ఎత్తుకున్నాడు.

ప్రబంధానికి ఫలశ్రుతి చెప్పకపోతే విన్నవాళ్ళకు పుణ్యం రాదు. ఈ కథ చదివిన తల్లిదండ్రులు పిల్లలను సెలవుల్లో నాగార్జునకొండకు తీసుకెళ్ళాలి. లోపల పేరుపలకలు చదివి వినిపించకండి, చేయి వదిలేయండి, వాళ్ళు పిలిచినప్పుడు వెళ్ళి వంగి చూడండి. లాంచీ ఎప్పుడు బయలుదేరుతుందో, తిరిగి వచ్చే ఆఖరిది ఎప్పుడో రేవులోనే కనుక్కోండి. నీళ్ళసీసాలు రెండు పట్టుకెళ్ళండి, నోట్‌బుక్కు వేరే సంచిలో పెట్టండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు.